పాలిటెక్నిక్ మీదుగా బీటెక్: ఫిజిక్స్‌ను మధ్యలో వదలకండి

పదో తరగతి ఫలితాలు రాగానే ముదిగుబ్బ చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లు ఒకే లెక్కలో పడతాయి. పిల్లనో పిల్లవాడినో ఇంజినీరు చేయాలంటే ఇంటర్ ఎంపీసీ, దానికి అనంతపురంలోనో తిరుపతిలోనో కార్పొరేట్ కాలేజీ, హాస్టల్. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల ఇది. వేరుశనగ నమ్ముకున్న కుటుంబానికి ఆ ఫీజు అంటే అప్పే. ఇంకో దారి లేదనుకోవడం వల్లే ఆ అప్పు చేస్తున్నారు. కానీ దారి ఉంది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్ రాసి లేటరల్ ఎంట్రీలో నేరుగా బీటెక్ రెండో ఏడాది. ఈ ప్రాంతపు పిల్లల్లో ఎక్కువమందికి ఇదే నయమని నా అభిప్రాయం. అయితే ఇందులో ఒక లోటు ఉంది, దాన్ని దాచిపెట్టి డిప్లొమాను పొగిడితే పిల్లలకే నష్టం.

ముందు కాలం లెక్క చూద్దాం. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు, అవీ ఆరే. తేడా అంతా మధ్యలో చదువు ఆగిపోతే ఏమవుతుందన్న దగ్గరే ఉంది. పంట పోయి, ఇంట్లో జబ్బు చేసి చదువు ఆపాల్సి వస్తే ఇంటర్ సర్టిఫికెట్‌తో దరఖాస్తు పెట్టగల సాంకేతిక ఉద్యోగాలు చాలా తక్కువ. డిప్లొమా ఉంటే రైల్వే జూనియర్ ఇంజినీర్ పరీక్ష రాయొచ్చు. 2019లో గ్రామ సచివాలయాల ఇంజినీరింగ్ అసిస్టెంట్ పోస్టులకూ డిప్లొమా అర్హతే. అదే ఏడాది పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలైంది, కదిరి వైపు నంబులపూలకుంటలో సోలార్ పార్కు కూడా ఉంది. అలాంటి చోట్ల మెయింటెనెన్స్ పనికి కావాల్సింది ఈ చదువే. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఫీజు కార్పొరేట్ ఇంటర్ ఫీజు ముందు లెక్కలోకి రాదు. ముదిగుబ్బ స్టేషన్ ధర్మవరం–పాకాల రైలు మార్గంలోనే ఉంది కాబట్టి చదువుకు ధర్మవరం వెళ్లి రావడం కష్టం కాదు. కరువు ప్రాంతంలో మూడో ఏట చేతికొచ్చే ఆ సర్టిఫికెట్ విలువ పట్నం వాళ్లకు అంత తొందరగా అర్థం కాదు.

ఈసెట్ కూడా ఈ పిల్లలకు అనుకూలంగా ఉండే పరీక్షే. 200 మార్కుల్లో 100 వాళ్ల బ్రాంచి సబ్జెక్టులవే, అంటే మూడేళ్లు చదివిందే. మిగిలిన వందలో గణితానికి 50, ఫిజిక్స్‌కు 25, కెమిస్ట్రీకి 25. లోటు మొదలయ్యేదీ ఇక్కడే. ఆ 25 మార్కుల కోసం ఫిజిక్స్‌ను సూత్రాల పట్టికగా బట్టీపట్టి గట్టెక్కడం అలవాటైపోయింది. డిప్లొమాలో ఇంజినీరింగ్ ఫిజిక్స్ మొదటి ఏడాదితో దాదాపు ముగుస్తుంది. బీటెక్ మొదటి ఏడాదిలో మిగతావాళ్లు చదివే ఫిజిక్స్, కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా తరగతుల్లో లేటరల్ ఎంట్రీ విద్యార్థి కూర్చోనే కూర్చోడు. తీరా రెండో ఏడాదిలో అడుగుపెట్టేసరికి ఎలక్ట్రికల్ వాళ్లకు విద్యుదయస్కాంత క్షేత్రాలు, మెకానికల్ వాళ్లకు థర్మోడైనమిక్స్ ఎదురవుతాయి. ఇండక్షన్ మోటారుకు కనెక్షన్లు ఇచ్చి నడిపించడం డిప్లొమా విద్యార్థికి బాగా తెలుసు, ఆ విషయంలో ఇంటర్ నుంచి వచ్చినవాళ్లు అతని దగ్గరే నేర్చుకుంటారు. కానీ మూడు ఫేజుల కరెంటుతో అయస్కాంత క్షేత్రం ఎందుకు తిరుగుతుందో, ఫారడే నియమాన్ని సమాకలనంగా ఎలా రాస్తారో అడిగినప్పుడు వెక్టార్లు, కాలిక్యులస్ రెండూ కావాలి. బ్యాక్‌లాగులు పడుతున్నది తెలివి తక్కువై కాదు, ఈ ఖాళీ పూడకపోవడం వల్ల.

అమెరికాలో ఇలాంటి దారినే కమ్యూనిటీ కాలేజీ అంటారు. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియట్‌లో మొదలైన ఆ పద్ధతిలో రెండేళ్లు తక్కువ ఖర్చుతో ఊరి దగ్గర చదివి, తర్వాత విశ్వవిద్యాలయానికి మారతారు. అయితే అక్కడ ఇంజినీరింగ్‌కు మారదలచిన విద్యార్థి కాలిక్యులస్ ఆధారిత ఫిజిక్స్‌ను, బహుచరరాశుల కాలిక్యులస్‌ను మారకముందే పూర్తిచేస్తాడు. మన డిప్లొమా వర్క్‌షాపు పనిలో దానికంటే ఎంతో బలమైంది, ఈ పునాదిలో మాత్రం బలహీనం. పాలిటెక్నిక్ సిలబస్ రాసేవాళ్లు చివరి ఏడాదిలో ఈసెట్ వైపు వెళ్లే విద్యార్థులకైనా ఒక ఫిజిక్స్, గణిత పేపరు పెట్టాలి. అది వచ్చేదాకా విద్యార్థే సొంతంగా పూడ్చుకోవాలి.

లేటరల్ సీట్లు తక్కువ కదా అంటారు. నిజమే, మంచి కాలేజీలో ఒక్కో బ్రాంచికి దొరికేవి కొన్నే. 1946లో పుట్టి, రెండేళ్లకు అనంతపురం వచ్చిన ఇప్పటి జేఎన్‌టీయూ కాలేజీలో చేరాలంటే ముందు వరుస ర్యాంకు కావాల్సిందే. కానీ అక్కడ పోటీ మనలాగే డిప్లొమా చదివినవాళ్లతోనే. ఐఐటీల్లో రెండో ఏడాదిలో చేర్చుకోరన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దానికి నా దగ్గర జవాబు లేదు, ఐఐటీయే లక్ష్యమైతే ఇంటర్ వైపే వెళ్లాలి. ఫిజిక్స్ శాస్త్రవేత్త కావాలనుకునే పిల్లలకూ అదే చెబుతాను. వాళ్లకు ఎంపీసీ, ఆపై బీఎస్సీ సరైన దారి. బీఎస్సీలో గణితం చదివినవాళ్లకు ఈసెట్ తలుపు కూడా తెరిచే ఉంటుంది కాబట్టి తర్వాత మనసు మారినా ఇబ్బంది లేదు. డిప్లొమా పిల్లలను కంపెనీలు చిన్నచూపు చూస్తాయన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. బీటెక్ పట్టాలో లేటరల్‌కూ రెగ్యులర్‌కూ తేడా ఉండదు. ఇంటర్వ్యూలో తేలిపోయేది పునాది ఒక్కటే.

కాబట్టి డిప్లొమా రెండో ఏడాది నుంచే, బ్రాంచి సబ్జెక్టులతో పాటు ఇంటర్ ఫిజిక్స్, గణితం పుస్తకాలు దగ్గర పెట్టుకోండి. సీనియర్ ఇంటర్ చదివిన ఏ ఇంట్లోనైనా అవి దొరుకుతాయి. ఒక అధ్యాయం చదివాక ఉదాహరణలను పుస్తకం మూసి మళ్లీ చేయాలి. అవకలనం, సమాకలనం, వెక్టార్లు, విద్యుత్తు, అయస్కాంతత్వం, ఉష్ణగతికం, ఈ వరుస ముందు పూర్తయితే మిగిలినవి నిదానంగా వచ్చినా ఫర్వాలేదు. ఆరు నెలల పారిశ్రామిక శిక్షణలో ఉన్నప్పుడు అక్కడ కనిపించే ప్రతి యంత్రం వెనకున్న నియమాన్ని ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఈసెట్ సాధారణంగా మే నెలలో అయిపోతుంది, బీటెక్ తరగతులు మొదలయ్యేసరికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. బీటెక్ మొదటి ఏడాది గణితం, ఫిజిక్స్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. సీటు ఎక్కడొచ్చినా, రెండో ఏడాది మొదటి క్లాసుకు వెళ్లేలోగా ఆ పాఠాలు పూర్తిచేయండి.