స్త్రీవాద తరంగాలు: తెలుగు నేల నుంచి అడిగే బిట్లు

తరంగాల లెక్క పశ్చిమానిది. మన సంవత్సరాలు అందులో సరిగ్గా ఇమడవు. పరీక్షకు మాత్రం ఆ వరుసే గుర్తుంచుకోండి.

మొదటిది: ఓటు, చదువు, ఆస్తి. అమెరికాలో మహిళా హక్కుల సెనెకా ఫాల్స్ సభ 1848. మహిళలకు ఓటిచ్చిన తొలి దేశం న్యూజిలాండ్, 1893. మనకిది సంస్కరణ కాలం: కందుకూరి జరిపించిన తొలి వితంతు వివాహం 1881 డిసెంబరు 11, రాజమహేంద్రవరం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, 1937.

రెండోది: 1960ల నుంచి; ఇల్లు, శరీరం, హింస. ప్రశ్నలు ఎక్కువగా పడేది ఇక్కడే. హైదరాబాద్‌లో రమీజాబీపై పోలీసుల అత్యాచార ఉదంతం 1978, స్త్రీల అధ్యయన కేంద్రం అన్వేషి 1985. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి జన్మహక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే (ఆ తేదీకి పెళ్లికాని వారికి). కేంద్ర సవరణ 2005. ఈ తేడాను తప్పక అడుగుతారు. దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం 1992, నెల్లూరు జిల్లా. స్త్రీవాద కవితా సంకలనం ‘నీలిమేఘాలు’ 1993.

మూడోది: 1990లు. కులం, జాతి, లింగం కలిసి చేసే వివక్షకు ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ అని పేరు పెట్టింది కింబర్లీ క్రెన్‌షా, 1989. ఇక్కడ దళిత స్త్రీల సంకలనం ‘నల్లపొద్దు’, 2003, గోగు శ్యామల.

నాలుగోది: సోషల్ మీడియా. ‘మీ టూ’ తరానా బర్క్ 2006, ప్రపంచమంతా పాకింది 2017లో. ఆఫీసులకు వెళ్తూ చదివేవారికి ఇది సొంత సిలబస్: పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013, 10 మంది లేదా అంతకు మించి ఉద్యోగులుంటే అంతర్గత కమిటీ, ఫిర్యాదుకు 3 నెలలు, విచారణకు 90 రోజులు. మహిళల భద్రతకు తెలంగాణ పోలీసుల షీ టీమ్స్: 2014.