చిన్నగదిలో స్టీరియో

పాట బాగా లేదనిపిస్తే కొత్త స్పీకర్లు కొనాలనుకుంటాం. మిత్రులారా, ముందు ఉన్నవాటిని జరిపి చూడండి! మూలన పెడితే మంద్రధ్వనులు పెరిగి, గాయకుని మాట మరుగున పడుతుంది. ధ్వనివేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 10 అడుగుల గదిలో 56 హెర్ట్‌జ్ దగ్గర అరతరంగం గోడకూ గోడకూ మధ్య సరిపోయి అనునాదం పుడుతుంది. కనుక స్పీకర్లను గోడకు ఎడంగా, చెవి ఎత్తున, మనతో కలిపి సమబాహు త్రిభుజమయ్యేట్టు పెట్టాలి. గదిలోని మిత్రుణ్ణి పక్కగోడ వెంట అద్దం జరపమనండి. కూర్చున్నచోటికి అందులో స్పీకరు ఎక్కడ కనబడితే అక్కడే ధ్వని పరావర్తనం. అక్కడ బొంత వేలాడదీయండి. మా ఇంట్లో వడ్లబస్తాలున్నన్నాళ్ళు గది మారుమోగదు, అమ్మేశాక మోగుతుంది. కారణం అదే. ఆ బస్తాల డబ్బుతో చదువుకునే నాబోటివాడికి కొనేముందు జరిపి చూడడమే మేలు.