వెనక తలుపు

ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బ్యారేజీకి కూతవేటు దూరంలో నేనూ మా ఆవిడా ఇద్దరమే ఉంటున్నాం. ఇక్కడ గోదావరి 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంత పెద్ద నది కూడా చెప్పే వస్తుంది. దొంగ మాత్రం చెప్పి రాడు.

పన్నెండేళ్ల కిందట అన్నవరంలో పెళ్లికని రెండు రాత్రులు ఇల్లు వదిలాం. తిరిగొచ్చేసరికి వీధి తలుపు తాళం వేసినట్టే ఉంది. లోపల బీరువా నోరు తెరుచుకుని ఉంది. తొమ్మిది కాసుల బంగారం, మా అమ్మ కాసులపేరుతో సహా పోయింది. ఆ రోజు నుంచి నేర్చుకున్నవే ఈ మాటలు. వయసులో ఉన్నవాళ్లు, ముఖ్యంగా తల్లిదండ్రుల్ని ఊళ్లో ఉంచి దూరాన ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఓపిగ్గా చదవండి.

1. తాళం కప్ప కాదు, అది పట్టుకున్న కర్రను చూడండి.

వీధి తలుపుకి ఖరీదైన కప్ప వేశాను. దొంగలు దాని జోలికే పోలేదు. పెరటి తలుపు సందులో ఇనుప రాడ్డు పెట్టి ఒక్క పోటు పొడిస్తే లోపలి గడియ మరలతో సహా ఊడొచ్చింది. ఆ తలుపు ఏళ్ల తరబడి వాన జల్లుకి నాని, కింద చెదపట్టి ఉంది. వడ్రంగి వచ్చి వేలితో గుచ్చి, "గడియ బాగానే ఉందండి బాబాయిగారూ, కర్రే పోయింది" అన్నాడు. ఏటిగట్టు మీద ఎండ్రకాయ బొరియలు వెతికించిన ఉద్యోగం నాది. గండి ఎక్కడ పడుతుందో తెలిసినవాణ్ణి, నా పెరటి తలుపు చూసుకోలేదు.

ఇప్పుడు చేయించింది చెబుతాను. గడియకి చిన్న మరలు తీసేసి, తలుపు మందమంతా దూరి లోపలివైపు నట్టు బిగిసే బోల్టులు వేయించాను. గడియ వెళ్లి దిగే ముక్కని ద్వారబంధానికి పొడుగాటి మరలతో బిగించాడు. వీటన్నిటికంటే మేలైనది అడ్డపట్టీ. తలుపు వెనక అటూ ఇటూ గోడలో దిగేసిన కొక్కేల్లో ఇనప పట్టీ ఒకటి అడ్డంగా పడుతుంది. మా తాతల ఇళ్లలో ఇదే పని అడ్డకర్ర చేసేది. ఊరెళ్లేటప్పుడు పెరటి తలుపు ఇలా లోపల్నుంచి బిగించి, వీధి తలుపులోంచి బయటికి రండి. డాబా మీదికి మెట్లు బయట్నుంచి ఉంటే పైనున్న తలుపుకీ ఇదే కట్టుదిట్టం కావాలి. చాలామంది ఆ తలుపును తలుపుగానే లెక్కపెట్టరు.

2. ఇంట్లో ఎవరూ లేరని ఇల్లే చెప్పేస్తుంది.

గేటుకి బయట వేలాడే కప్ప, అరుగు మీద పేపర్లు, పట్టపగలు వెలుగుతున్న వరండా లైటు. ఇవి అందరూ చెప్పేవే. మన ఊళ్లలో వీటికంటే పెద్ద గుర్తు ముగ్గు. ధనుర్మాసంలో వీధి వీధంతా ముగ్గులు, గొబ్బెమ్మలు ఉండి ఒక్క గుమ్మం బోసిగా ఉంటే, ఆ ఇంటివాళ్లు సంక్రాంతికి ఊరెళ్లారని చూసినవాడికల్లా తెలిసిపోతుంది. అందుకే మేం ఎటు వెళ్లినా ఎదురింటి అమ్మాయి మా గుమ్మంలో కూడా కళ్లాపి జల్లి రెండు గీతలు గీస్తుంది. వాళ్లు వెళ్లినప్పుడు మా ఆవిడ ఆ పని చేస్తుంది. పేపరు, పాలు ఆపేయమని చెప్పడం కంటే పక్కింట్లో వేయమని చెప్పడం మంచిది.

ప్రయాణంలో దిగిన ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.

3. పోలీసులకు చెప్పి వెళ్లడం నామోషీ కాదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసువారి ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే యాప్ ఉంది. తాళం వేసిన ఇళ్లను కనిపెట్టి ఉండడానికి పెట్టింది. ఫోన్లో వేసుకుని వివరాలు నమోదు చేసుకోవాలి. ఊరెళ్లే ముందు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా నిఘా కావాలని కోరితే, వాళ్లు వచ్చి ఇంట్లో చిన్న కెమెరా అమరుస్తారు. లోపల కదలిక తగిలితే కంట్రోల్ రూమ్‌కి సమాచారం పోతుంది. పైసా ఖర్చు లేదు. అయితే ముందుగా స్టేషన్‌కి వెళ్లి కెమెరా దొరుకుతుందో లేదో కనుక్కోండి. పండగ రోజుల్లో అందరూ ఒక్కసారే అడుగుతారు. కెమెరా లేకపోయినా, ఫలానా ఇల్లు ఖాళీ అని చెబితే రాత్రి బీటుకొచ్చే కానిస్టేబులు అటు ఒక చూపు వేస్తాడు.

4. ఎండాకాలం.

గోదావరి గాలికని డాబా మీద పడుకుంటాం. కింద తలుపు దగ్గరకి లాగి ఊరుకుంటాం. అది చాలు దొంగలకి. పైన పడుకునే ముందు కింద గడియలు, అడ్డపట్టీ అన్నీ పడాలి. తాళంచెవులు దిండు కింద ఉండాలి. కిటికీ తెరిచి పడుకునేవాళ్లు దాని పక్కన చొక్కా, ఫోను, తాళంచెవులు పెట్టకండి. చిన్న కర్రతో లాగేస్తారు.

5. బంగారానికి ఇల్లు చోటు కాదు. కాగితానికి మాత్రం చోటుండాలి.

బియ్యం డబ్బా, పట్టుచీరల మడత, దేవుడి పటం వెనక. మనకు తోచే చోట్లన్నీ దొంగలకూ తోస్తాయి. బ్యాంకు లాకరే మేలు. అయినా దానికీ హద్దుంది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 2022 జనవరి నుంచి, బ్యాంకులో దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగి లాకర్లోది పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 2,000 అయితే 2 లక్షలు. మిగతాది మనదే నష్టం.

అందుకే ప్రతి నగకీ ఫొటో తీసి, తూకం రాసి, రసీదు జతచేసి, ఒక ప్రతి పిల్లల దగ్గర ఉంచండి. మా ఇంట్లో ఏం జరిగిందో వినండి. దొంగతనమైన ఏడాదికి వేరే జిల్లాలో ఒక ముఠా పట్టుబడితే, వాళ్ల దగ్గర, బంగారంతో పాటు పోయిన మా వెండి చెంబు దొరికింది. అడుగున మా అమ్మ పేరు చెక్కి ఉంది. పూర్వం ప్రతి ఇంట్లో గిన్నెల మీద పేర్లు చెక్కించేవారు కదా, ఆ అక్షరాలే దాన్ని ఇంటికి తెచ్చాయి. కోర్టులో అర్జీ పెట్టుకుని తీసుకున్నాం. అక్కడ బంగారు గొలుసులు కూడా ఉన్నాయి. మావే అని నాకు అనిపించింది. చూపించడానికి ఒక్క ఫొటో లేదు.

6. తలుపు పగిలి ఉంటే లోపలికి పోకండి.

దొంగలు ఇంకా లోపలే ఉండొచ్చు. పక్కింట్లో నిలబడి 112కి ఫోను చేయండి. రాత్రి అలికిడికి మెలకువ వస్తే గది గడియ వేసుకుని లైట్లు వేసి కేకలు పెట్టండి, ఎదురు వెళ్లొద్దు. పోయిన కాసులపేరు మళ్లీ చేయించుకోవచ్చు, మనిషిని తెచ్చుకోలేం.

పోలీసులు వచ్చేలోపు దేన్నీ ముట్టుకోకండి. ఆ రోజు మా ఆవిడ నేల మీద పడున్న తన చీరలు చూసి తట్టుకోలేక అన్నీ మడతపెట్టింది, బీరువా తుడిచింది. క్లూస్ టీమ్‌కి ఒక్క వేలిముద్ర దొరకలేదు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో మన కలకత్తాలోనే 1897లో పెట్టారని చదివాను. అంత పాత విద్య, ఒక్క తుడుపుగుడ్డతో పోయింది.

2024 జులై నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి.

7. అనుమానం ఇంటి పనివాళ్ల మీద పడేయకండి.

ఇది రాయడం నాకు కష్టం. అప్పుడు నేను పనమ్మాయి కొడుకు పేరు చెప్పాను. ఆధారమేమీ లేదు, పేదవాడని తప్ప. వాణ్ణి స్టేషన్‌కి పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఆమె మర్నాడు వచ్చి, "పద్నాలుగేళ్లు మీ అన్నం తిన్నానండి" అని వెళ్లిపోయింది. ముఠా దొరికాక ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. మంచినీళ్లిచ్చింది. మళ్లీ పనికి రాలేదు.

తెల్లదొరలు 1871లో ఒక చట్టం తెచ్చి కొన్ని కులాల్లో పుట్టడమే నేరమన్నారు. ఆ కులాలవాళ్లని ఉంచిన స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఆ చట్టం కాలానివే. 1952లో ఆ చట్టం రద్దయింది. దొంగలన్న పేరు పడ్డవాళ్లు మాత్రం దాన్ని తరాల తరబడి మోశారు. కవి జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం, ఆమె భర్త లవణం వాళ్ల కోసం స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేయాల్సి వచ్చింది అందుకే. ఆ చట్టం చేసిన పనే నేను మా వీధిలో చేశాను. మీకు తెలిసింది మాత్రమే పోలీసులకు చెప్పండి. అనిపించింది చెప్పకండి.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015లో చూశాం కదా, ఇంటిల్లిపాదీ తెల్లవారుజామునే తలుపులేసుకుని రామపాదాల రేవుకి బయల్దేరేవాళ్లం. వచ్చే పుష్కరాలకీ అలాగే వెళ్తాం. ఈ లోపు, వీలైతే ఈ వారంలోనే, ఒక్కసారి మీ పెరట్లోకి వెళ్లి గడియ దగ్గర కర్రని వేలితో నొక్కి చూడండి. మెత్తగా తగిలితే వడ్రంగిని పిలవండి.