గర్భిణులు – హెర్పీస్ వ్యాధి: దాచక చెప్పుటే బిడ్డకు రక్ష

"మర్మావయవముల వద్ద ఎన్నడైనను పొక్కులుగాని పుండ్లుగాని వచ్చినవా?" అని డాక్టరు గర్భిణిని ప్రశ్నించును. ప్రక్కనే అత్తగారు, భర్త ఉందురు. ఆమె తల వంచుకొని లేదనును. ఆ ఒక్క మాట బిడ్డ ప్రాణముమీదికి తేవచ్చును. సిగ్గుచేత మరుగుపడుచున్న హెర్పీస్ వ్యాధిని గూర్చి పాఠకులకు కొన్ని విషయములు మనవి చేయదలచితిమి.

ఇది వైరస్ వలన కలుగు వ్యాధి. ఆ వైరస్ రెండు రకములు. మొదటిది సాధారణముగా పెదవులపైనను, రెండవది మర్మావయవములపైనను నీటిపొక్కులను లేపును. మొదటి రకము కూడ మర్మావయవములకు సోకవచ్చును. పొక్కులు చిట్లి, పుండ్లుపడి, కొలది దినములలో మానిపోవును. కాని వైరస్ శరీరమును వీడక నరముల మొదళ్లలో దాగియుండి, అప్పుడప్పుడు తిరిగి తలయెత్తును. పొక్కులు లేని వేళలందును ఇతరులకు సోకగలదు. ఏండ్ల తరబడి బయటపడకయు ఉండవచ్చును. కావున నేడు పొక్కు కనబడినదని ఆలుమగలు ఒకరినొకరు శంకించుకొనుట తగదు. అక్కి యని తలచి జేగురుమన్నుతో వ్రాయించుకొని ఊరకుండుటయు తగదు.

తల్లికి వ్యాధి ఎప్పుడు సోకినదన్నది ముఖ్యము. పూర్వమే సోకియున్నచో తల్లినుండి కొంత రక్షణశక్తి బిడ్డకు చేరును. అట్టి తల్లుల బిడ్డలలో వ్యాధి సోకువారు నూటికి ఒకరికంటె తక్కువ. ప్రసవమునకు దగ్గరలో మొదటిసారి సోకినచో నూటికి 30 నుండి 50 మంది బిడ్డలకు సోకు ప్రమాదము కలదు. కావున భర్తకు ఈ వ్యాధి యున్నచో, కడపటి మూడు నెలలు దంపతులు సంయోగమును మానవలెను. భర్త పెదవిపై పొక్కులున్నప్పుడు నోటి సంపర్కమును కూడదు.

చికిత్స కలదు. 36వ వారము మొదలు ప్రసవమువరకు ఎసైక్లోవిర్ మాత్రలను డాక్టరు సలహాపై వాడినచో పొక్కులు తిరిగి లేచుట తగ్గును. నొప్పులు ప్రారంభమగునప్పుడు పుండ్లుగాని, అవి రాబోవు సూచనగా మంట, చిమచిమలుగాని ఉన్నచో శస్త్రచికిత్సచే కాన్పు చేయుదురు. పుండ్లు లేని పాత రోగులకు సాధారణముగా సహజ ప్రసవమే చాలును. ఉమ్మనీరు పోయినచో ఇంటివద్ద జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

బిడ్డ పుట్టిన పిదపను జాగరూకత అవసరము. రొమ్ముపై పుండు లేనంతవరకు తల్లి నిస్సంశయముగా పాలీయవచ్చును. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పెదవిపై పొక్కులున్న బంధువులెవరును పసికందును ముద్దిడరాదు. తొలి నాలుగు వారములలో బిడ్డకు జ్వరము, పొక్కులు, మగత, మూర్ఛ కనిపించినను, పాలు త్రాగకున్నను వెంటనే 108 వాహనమును పిలువవలెను. సూదిమందు ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు జరుగును. సుఖవ్యాధులకు సురక్షా క్లినిక్కులు కలవు. డాక్టరుతో ఏకాంతముగా మాటలాడవలెనని కోరు హక్కు ప్రతి స్త్రీకిని కలదు. అత్తగారును భర్తయు ఆ కొలది నిమిషములు వెలుపల నుండుట మర్యాద. చెప్పుకొనుటకు సిగ్గుపడు తల్లికి ఆ ఏకాంతమును కల్పించుటే ఇంటిల్లిపాది చేయదగిన తొలి సాయము.