బండిని వెనక నుంచి చూడు, అమ్మలూ

అమ్మలూ,

నవ్వితే నవ్వనీ. ‘అంబులెన్సు కొంటున్నావా’ అని మీ ఆఫీసు పిల్లలు అన్నారని ఫోన్లో అంత చిన్నబుచ్చుకున్నావు గానీ, వాళ్లలో ఒక్కళ్లైనా మీ నానమ్మ చక్రాల కుర్చీని మడిచి కారు డిక్కీలోకి ఎత్తినవాళ్లా? నువ్వు అడిగినవి రెండు. 2006 మోడల్ టాటా ఇండిగో మెరీనా ఇప్పుడు కొనొచ్చా, కొంటే పరువు పోతుందా అని. రెండోదానికి జవాబు అయిపోయింది. మొదటిదానికి కాస్త ఓపిక పట్టు. విజయవాడ ఆటోనగర్ షెడ్డులో ఆ ఇంజన్ల కింద పడుకుని సగం జీవితం గడిపినవాణ్ని, రెండు ముక్కల్లో తేల్చమంటే నా వల్ల కాదు.

ముందు దాని పుట్టుక విను. జెన్ అంత సైజు, అంబాసిడర్ అంత లోపలి చోటు, మారుతి 800కి దగ్గర ధర, డీజిల్ ఖర్చు... ఇవన్నీ ఒకే కారులో కావాలని రతన్ టాటా పట్టుబడితే 1998 చివర్లో ఇండికా వచ్చింది. మొదట్లో ఫిర్యాదులు చాలానే వచ్చాయి. సరిదిద్దుకుని 2001లో వీ2 అని వదిలారు, అప్పటినుంచి నిలబడింది. ఆ ఇండికానే సాగదీసి, వెనక డిక్కీ తగిలించి 2002లో ఇండిగో చేశారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,400 మిల్లీమీటర్ల నుంచి 2,450 అయింది. 2004లో ఆ ఇండిగో కప్పునే చివరిదాకా లాగి మెరీనా చేశారు. పొడవు మాత్రం సెడాన్‌దే, 4,150. అంటే రోడ్డు మీద సెడాన్ తినే చోటే ఇదీ తింటుంది, లోపల మాత్రం కప్పు దాకా సామాను పడుతుంది. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్నదానివి, నీకో సుఖం కూడా ఉంది. వెనక అద్దం ఎక్కడ అయిపోతుందో బండీ అక్కడే అయిపోతుంది. మీ బెంగుళూరు ఏఈసీఎస్ లేఅవుట్ సందుల్లో రివర్స్ చేసేటప్పుడు, అద్దం దాటాక ఇంకా ఎంత డిక్కీ ఉందోనని గుండె దడ ఉండదు.

మరి అంత మంచిదైతే ఎందుకు పోయిందంటావు. మెరీనా ఒక్కటేనా పోయింది? బలేనో ఆల్టురా, కోర్సా స్వింగ్, సియెనా వీకెండ్, అన్నీ ఇలాంటి వ్యాగన్లే, ఆ నాలుగైదేళ్లకి అటూ ఇటూగా వచ్చి చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయినవే. మనవాళ్లకి కారంటే ముక్కూ తోకా వేరువేరుగా కనపడాలి. తోక లేకపోతే అది సామాన్ల బండి కింద లెక్క. ఎక్కువమంది ఎక్కాలనుకున్నవాళ్లకి మీ బెంగుళూరు పక్కనే బిడది నుంచి 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా వచ్చేశాయి. పైగా 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకి ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి దించారు. మెరీనా ఆ గీత దాటి 150 మిల్లీమీటర్లు, జానెడు కూడా కాదు, బయట ఉండిపోయింది. సెడాన్‌ని 2008లో ఇండిగో సీఎస్ అని నాలుగు మీటర్ల లోపలికి కత్తిరించారు. మెరీనాని ఎవరు కత్తిరిస్తారు? కత్తిరిస్తే మళ్లీ ఇండికానే మిగులుతుంది.

సరే, చరిత్ర చాలు. నువ్వు పంపిన ఏడు ఫొటోలూ చూశాను. ఏడూ ముందునుంచి తీసినవే! మెరిసే బానెట్టు, స్టీరింగు, మ్యూజిక్ సిస్టమ్. చదువుకున్నదానివి, ఇదేనా చూడ్డం? బండి ముఖానికి ఎవరైనా రంగేస్తారు. దాని బతుకంతా వెనక ఉంటుంది. మా షెడ్డుకి సెకండ్‌హ్యాండ్ బండి ఏదొచ్చినా నేను ముందు వెనక్కే వెళ్లేవాణ్ని. కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు కూడా. నేనేం చూసేవాణ్నో చెప్తాను, నువ్వూ అలాగే చూడు.

బండిని చదునైన నేల మీద పెట్టించు. ఐదారు అడుగులు వెనక్కి నిలబడి, రెండు వెనక చక్రాల పైన మడ్‌గార్డు సందు సమానంగా ఉందో లేదో చూడు. ఒక వైపు కుంగి ఉంటే స్ప్రింగో బుష్‌లో పోయినట్టు. తర్వాత గొంతుక్కూర్చుని వెనక టైరు లోపలి అంచు మీద అరచెయ్యి పెట్టి రుద్దు. ఇండిగోకి వెనక చక్రాలు దేనికవే విడిగా కదిలే సస్పెన్షన్, అందుకే కుదుపు తక్కువ. కానీ బుష్‌లు అరిగిపోయిన బండి మీద ఏళ్ల తరబడి బరువేస్తే చక్రాలు లోపలికి వాలి, టైరు లోపలి అంచు గుండులా నున్నగా అయిపోతుంది. బయటినుంచి గాడులు నిండుగా కనిపిస్తూనే ఉంటాయి, లోపలి అంచున మాత్రం తీగ బయటపడుతూ ఉంటుంది. ఫొటోలో అది కనపడదు, చేతికే తెలుస్తుంది.

ఆ తర్వాత వెనక తలుపు ఎత్తు. చేయి వదిలెయ్యి. పైన నిలబడిందా, మెల్లగా దిగొచ్చిందా? దిగొస్తే గ్యాస్ స్ట్రట్లు పోయాయి, అది చిన్న ఖర్చు, బేరంలో తగ్గించుకో. కింద కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీయించి ఆ గుంటలో వేళ్లతో తడుము. తడి తగిలిందంటే తలుపు రబ్బరు లోంచి నీళ్లు దిగుతున్నాయి. వెల్డింగ్ అతుకులు తగిలాయంటే వెనక నుంచి ఎవరో గుద్దారు. అమ్మేవాడు ఎన్ని కబుర్లు చెప్పినా స్టెప్నీ గుంట అబద్ధమాడదు.

ఇవన్నీ అయ్యాక నానమ్మ కుర్చీని నువ్వే మడిచి, నువ్వే ఎత్తి, అందులో పెట్టు. మీ తమ్ముణ్ని ముట్టుకోనివ్వకు. రేపు హాస్పిటల్ పార్కింగులో వాడుండడు. నడుం పట్టకుండా కుర్చీ లోపలికి వెళ్లిందా, అయితే ఆ బండి మీ ఇంటికి పనికొస్తుంది. లేదా, మిగతా గుణాలు ఎన్నున్నా అనవసరం.

వ్యాగన్‌లో ఒక ప్రమాదం ఉంది, అది చెప్పకుండా కొనమంటే పాపం. సెడాన్‌లో డిక్కీకీ మనుషులకీ మధ్య అడ్డు ఉంటుంది. ఇక్కడ సీటు వీపు ఎత్తు దాటాక అడ్డేమీ లేదు. ఓసారి ఒక కుటుంబం మా షెడ్డుకి బండి తెచ్చింది, లోపలంతా నూనె కంపు. బెంగుళూరు కూతురికి తీసుకెళ్తున్న ఆవకాయ జాడీని పెట్టెల పైన ఉంచారట. దారిలో గేదె అడ్డం వస్తే బ్రేకు కొట్టారు. 60లో వెళ్తున్న బండి సెకనుకి దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది. బండి ఆగింది గానీ జాడీ ఆగలేదు, వెనక సీట్లో పిల్లాడి చెవి పక్కనుంచి వెళ్లి డాష్‌బోర్డుకి తగిలింది. అందుకని బరువైనవి కింద, సీటు వీపుకి ఆనించి పెట్టు, తాడు కట్టు. సీటు ఎత్తు దాటి దుప్పట్లు, దిండ్లు తప్ప ఏదీ పెట్టొద్దు. బరువంతా తలుపు దగ్గర పెట్టినా ముప్పే. ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో కొడతాయి. నిండా ఎక్కించిన రోజు వెనక టైర్లకి గాలి ఎంత కొట్టాలో మాన్యువల్‌లో వేరే ఉంటుంది, అది చూడు. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో న్యూట్రల్లో వదిలావని తెలిస్తే మాత్రం తాళాలు నా దగ్గరే ఉంటాయి. ఎక్కేటప్పుడు ఏ గేరు కావాల్సొస్తుందో దిగేటప్పుడూ ఆ గేరే.

ఇంజన్ సంగతి క్లుప్తంగా చెప్తాను. డీజిల్‌దే చూడు. 1,405 సీసీ టర్బో, ఇండికా ఇంజనుకి చుట్టమే. ఒకప్పుడు మీ ఐటీపీఎల్ గేట్ల ముందు బారులు తీరిన క్యాబులన్నీ అవే కాబట్టి పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, సామాను మీ జేసీ రోడ్డులోనూ మా ఆటోనగర్‌లోనూ వెతికితే దొరుకుతుంది. బాడీ సామాను, ముఖ్యంగా వెనక అద్దం, వెనక లైట్లు మాత్రం మెరీనావే కావాలి, వాటికి తిప్పలు తప్పవు. పెట్రోల్‌ది వద్దనడానికి కారణం, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2006 నాటి రబ్బరు పైపులు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. డీజిల్‌లో భయపడాల్సింది టైమింగ్ బెల్టు. అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని గుద్దుతాయి, హెడ్ పని బండి ధరని మింగేస్తుంది. రబ్బరు కదా, నడవని బండికీ ముసలితనం వస్తుంది. ‘మార్పించాం మేడమ్’ అన్న మాట కాదు, బిల్లు చూపించాలి. పొద్దున చల్లటి ఇంజన్నే స్టార్ట్ చేయించు. నువ్వెళ్లేసరికి వేడిగా ఉంటే అర్థం చేసుకో.

పదేళ్లు దాటిన డీజిల్ నడపకూడదని నీ స్నేహితురాలు చెప్పింది ఢిల్లీ చుట్టుపక్కల సంగతి, బెంగుళూరుది కాదు. మీ దగ్గర 15 ఏళ్లు నిండాక ఎఫ్‌సీ చేయించి ఐదేళ్లకోసారి ఆర్సీ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 600 నుంచి 5,000 చేశారు, ఈమధ్య 20 ఏళ్లు దాటిన కార్లకి ఇంకా పెంచారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆర్సీ మీద తేదీ ఎప్పటిదాకా ఉందో చూడకుండా బేరం మొదలుపెట్టకు.

ఇంకొక్కటి. ఎయిర్‌బ్యాగూ ఏబీఎస్సూ మన దేశంలో అన్ని కార్లకీ తప్పనిసరి అయింది 2019లో. 2006 బండిలో వాటి మీద ఆశ పెట్టుకోకు. అందుకే ఇది నీ రోజువారీ బండి కాదు. ఆఫీసుకి కుందలహళ్లి స్టేషన్లో మెట్రో ఎక్కు. ఇది నానమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికీ, సంక్రాంతికి 80 దాటకుండా విజయవాడ రావడానికీ. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి, మీ నాన్నతో సహా. వాడు వినడు, నా పేరు చెప్పు.

నా మాటేమిటంటే, పైన చెప్పినవన్నీ నెగ్గితే తీసుకో. ఒక్క టైమింగ్ బెల్టు బిల్లు లేకపోయినా, అది మార్పించే ఖర్చు ధరలో తగ్గిస్తేనే తీసుకో. ఆదివారం పొద్దున్నే వెళ్లి వెనక టైర్ల లోపలి అంచులు, స్టెప్నీ గుంట, ఆర్సీ రెండు వైపులా ఫొటోలు తీసి పంపించు. అవి చూసి నేను ఊ అనేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న