క్షమించమని రాయకండి, విముక్తి చేయమని రాయండి

మధ్యాహ్న భోజనం బియ్యంలో రెండు బస్తాలు తక్కువయ్యాయని కనిగిరి పక్క పల్లెలో ఒక హెడ్మాస్టరు గారికి చార్జ్ మెమో వచ్చిందనుకుందాం. బస్తాలు పక్క స్కూలుకు సర్దిన రసీదు ఆయన దగ్గరే ఉంది. అయినా భయంకొద్దీ జవాబు చివర "ఈ ఒక్కసారికి దయతో క్షమించగలరు" అని చేరుస్తారు. ఇక రసీదు వెనక్కి పోతుంది, ఆ వాక్యం ఒప్పుకోలుగా ఫైల్లో కూర్చుంటుంది.

తప్పు లేనప్పుడు అడగాల్సింది ఎగ్జోనరేట్, అంటే అభియోగం నుంచి విముక్తి చేయమని. ఇలా రాయండి: "జతపరిచిన రసీదు, స్టాకు రిజిస్టరు నకళ్ల ప్రకారం 1వ అభియోగం నిరాధారం. కావున నన్ను ఆ అభియోగం నుంచి విముక్తుణ్ని చేయవలసిందిగా కోరుతున్నాను." ప్రతి అభియోగానికీ విడిగా జవాబివ్వండి.

విముక్తి అన్న మాట ఎవరు అనాలో కూడా తెలిసుండాలి. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) రూల్స్ ప్రకారం విచారణాధికారి అభియోగం రుజువైందా లేదా అన్నది మాత్రమే తేలుస్తారు. విముక్తి చేసేది క్రమశిక్షణాధికారి. కాబట్టి "రుజువు కాలేదు" అన్న నివేదిక చూసి స్వీట్లు పంచకండి. నివేదికతో క్రమశిక్షణాధికారి విభేదించవచ్చు. అయితే కారణాలు చెప్పి మీ వాదన వినాలని 1998లో సుప్రీంకోర్టు కుంజ్ బిహారీ మిశ్రా కేసులో చెప్పింది. నివేదిక వ్యతిరేకంగా వస్తే, నిర్ణయానికి ముందే దాని కాపీ మీకివ్వాలని మన హైదరాబాదు ఈసీఐఎల్ కేసులో 1993లోనే తేల్చింది.

అదే విషయంపై క్రిమినల్ కేసు ఉంటే అది వేరు. అక్కడ నిర్దోషిగా విడుదలైనా శాఖాపరమైన విచారణ దానంతటదే ఆగిపోదు, రెండుచోట్లా రుజువు కొలత ఒకటి కాదు.

ఆఖరి ఉత్తర్వు అందాక మూడు చూసుకోండి. ఒకటి, అన్ని అభియోగాల నుంచీ విముక్తి అని ఉందా, లేక ఉత్త "చర్య విరమించడమైనది" అనే ఉందా? రెండు, పక్కనే "సెన్సూర్" (అభిశంసన) ఉందేమో చూడండి. అది చిన్నదైనా శిక్షే. మూడు, సస్పెన్షన్ కాలాన్ని ఏం చేశారు? ఆ సస్పెన్షన్ పూర్తిగా అకారణమని తేలితే ఫండమెంటల్ రూల్ 54-బి కింద పూర్తి జీతంతో డ్యూటీగా లెక్కించాలి. ఆ సంగతి రాయకపోతే వెంటనే అర్జీ పెట్టండి, సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడేదాకా అడుగుతూనే ఉండండి. ప్రమోషన్ కమిటీ ముందుకు వెళ్లేది ఆ ఎంట్రీయే.