గోడకీ పొయ్యికీ మధ్య ఖాళీ

అమ్మలూ,

స్క్రాంటన్ దగ్గర కొన్న ఇంటి సంగతి మీ అమ్మ చెప్పింది. బేస్‌మెంట్‌లో దొరికిన బొగ్గు పొయ్యి ఫొటోలు నువ్వు పంపావు. దాన్ని హాల్లో పెట్టుకుని ఈ చలికాలానికే వెలిగించాలనీ, బిగించే పని నువ్వే నేర్చుకోవాలనీ రాశావు. నేర్చుకో. ఆ ప్రాంతంలో ఇల్లు కొనుక్కుని బొగ్గు పొయ్యి తెలియదంటే ఎలా? ఆంత్రసైట్ అనే అక్కడి గట్టి బొగ్గుకి కొలిమి తిత్తి కొడితే తప్ప మండదని పేరున్న రోజుల్లో, 1808 ఫిబ్రవరిలో, జెస్సీ ఫెల్ అనే ఆయన నీకు పక్కనే ఉన్న విల్క్స్‌బారీలో తిత్తి లేకుండానే దాన్ని మండించి చూపాడు. ఇనప జాలీ మీద బొగ్గు పోసి, కింద నుంచి గాలి దానంతట అదే అందేలా చేశాడు, అంతే. ఆ జాలీ మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకో.

ముందు నీ ఉత్తరంలో నాకు నచ్చని ఒక్క వాక్యం గురించి. “ఇల్లు అమ్మినాయన దీన్ని ముప్పై ఏళ్లు వాడాడట, ఏమీ కాలేదట” అన్నావు. ఈ పనిలో నేను అస్సలు ఒప్పుకోని సాక్ష్యం అదే. కొత్త కలప అంటుకోవాలంటే దాదాపు 500 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి. కానీ గోడలోని కలపకి ఏటా చలికాలమంతా కొంచెం కొంచెం వేడి తగులుతూ ఉంటే, దానిలో ఉన్న తేమా, ఆవిరయ్యే పదార్థాలూ పోయి, మనకు కనపడకుండా లోలోపల మాడుతుంది. అలా మాడిన కలప అంటుకోవడానికి మునుపటంత వేడి అక్కర్లేదు. కాబట్టి ముప్పై ఏళ్లు ఏమీ కాలేదంటే ముప్పై ఒకటో ఏడు కూడా కాదని కాదు. ఆ కలప ముప్పై ఏళ్లుగా సిద్ధమవుతూ ఉందేమో అని అనుమానపడాలి. ఇలాంటి మంటలు ఏ పండగ పూటో, బాగా చలి పడ్డ రాత్రో, పొయ్యి నిండా వేసి పడుకున్నప్పుడు బయటపడతాయి.

కొత్తగూడెంలో మీ నాయనమ్మ వంటింటిని మనసులో పెట్టుకుని ఈ ఇంటిని చూడకు. అక్కడ మట్టి గోడలు, పైన పెంకులు. పొగ పెంకుల సందుల్లోంచి పోయేది. పొయ్యికీ గోడకీ ఎంత దూరమని ఎవరూ కొలిచిందీ లేదు, కొలవాల్సిన అవసరమూ లేదు. ఆ పొగ చెడుపంతా ఆవిడ కళ్లకీ ఊపిరితిత్తులకీ చేసింది కానీ గోడలకు చెయ్యలేదు. అమెరికా ఇల్లు అలా కాదు. బయట ఇటుక కనపడినా లోపల కర్ర చట్రం, దాని మీద జిప్సం పలక. “జిప్సం కాలదు కదా పెద్దనాన్నా” అంటావు. అది నిజమే. కానీ వేడిని తనలోంచి వెనకున్న కర్రకి పంపిస్తుంది. అందంగా ఉంటుందని ఆ పలక మీద సన్నటి ఇటుక బిళ్లలు అంటిస్తారు చూడు, వాటి సంగతీ అంతే. కొలవాల్సింది కంటికి కనపడే గోడ ఏమిటని కాదు, దాని వెనక కాలేది ఏముందని.

నీ పొయ్యి వెనక రేకు ముద్ర ఏదైనా ఉందేమో టార్చి వేసి చూడు. పరీక్షించి ఆమోదించిన పొయ్యి అయితే ఏ పక్క ఎన్ని అంగుళాలు వదలాలో దాని మీదే చెక్కి ఉంటుంది, అదే ఖాయం. ముద్ర లేని పాత పొయ్యి అయితే చుట్టూ 36 అంగుళాలు. బేరం లేదు. హాలు చిన్నది, అంత చోటు లేదంటావా, అప్పుడు కవచం కట్టుకోవచ్చు. 24 గేజి ఇనప రేకుని గోడకి అంటించకుండా, కాలని గుబ్బల మీద ఒక అంగుళం ఎడంగా నిలబెట్టాలి. కిందా పైనా తెరిచి ఉంచితే ఆ సందులో చల్లగాలి కింద దూరి వేడెక్కి పైకి పోతూ ఉంటుంది. అలా చేస్తే 36 కాస్తా 12 అంగుళాలకి తగ్గుతుంది. అదే మూడున్నర అంగుళాల ఇటుక గోడ సందు లేకుండా కట్టావనుకో, 24కి మించి తగ్గదు. అంత ఇటుక చెయ్యలేని పని ఒక్క అంగుళం గాలి చేస్తోంది. ఈ రెండు అంకెల తేడా నీకు బుర్రకెక్కితే సగం పని నేర్చుకున్నట్టే. ఇవి నా సొంత లెక్కలు కావు, ఎన్‌ఎఫ్‌పీఏ 211 అనే ప్రమాణంలో ఉన్నాయి. మీ టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ కూడా దాన్నే చూస్తాడు.

నేల సంగతి క్లుప్తంగా చెబుతా. కర్ర నేల మీద టైల్స్ పరిస్తే సరిపోదు, వాటిలోంచి కూడా వేడి దిగుతుంది. వేడి ఆపే పలక అడుగున ఉండాలి, తలుపు ముందు 18 అంగుళాల దాకా రావాలి. నిప్పులు రాలేది అక్కడే.

ఇక పొగ దారి. పొయ్యి నుంచి చిమ్నీ దాకా వెళ్లే ఒంటి పొర గొట్టం కూడా మొండిదే. కలపకి 18 అంగుళాల దూరం ఉండాలి. నల్ల ఉక్కు గొట్టమే వాడు, జింకు పూసిన మెరుపు గొట్టం వద్దు, వేడికి విషపు పొగ వస్తుంది. ప్రతి అతుకుకీ మూడు స్క్రూలు. గొట్టం ముడతలున్న కొస కిందకి, అంటే పొయ్యి వైపుకి ఉండాలి. మనవాళ్లకి ఇది తలకిందులుగా కనపడుతుంది, పొగ బయటికి కారుతుందేమో అని. చిమ్నీ పైకి లాగే పీలుడుకి పొగ లోపలికే పోతుంది. బయటికి కారేది కట్టెలు వేసినప్పుడు వచ్చే తారు, అది గొట్టం లోపలే పొయ్యిలోకి జారాలని ఈ ఏర్పాటు. అడ్డంగా పోయే చోట అడుగుకి పావు అంగుళం చొప్పున చిమ్నీ వైపు ఎత్తు పెట్టు. మోచేతి మలుపులు రెండుకి మించనివ్వకు. ఈ గొట్టాన్ని అల్మారాలోంచి కానీ, పై గది నేలలోంచి కానీ, అటక మీంచి కానీ ఎట్టి పరిస్థితిలోనూ పోనివ్వకు.

చిమ్నీ దగ్గర మాత్రం నీ సరదా ఆపుకో. ఇల్లు చేతులు మారినా, పొయ్యి మారినా చిమ్నీకి లెవెల్ 2 తనిఖీ చేయించాలి. లోపలికి కెమెరా దింపి, మట్టి గొట్టాలు పగిలాయా, అతుకులు వదిలాయా చూస్తారు. ఆ డబ్బు దగ్గర పీనాసితనం వద్దు. వాళ్లు వచ్చేలోపు నువ్వు చూడదగినవి చెబుతా. అటక మీదికెక్కి చిమ్నీ పక్కన దూలాలకీ ఇటుకకీ మధ్య రెండు అంగుళాల సందు ఉందో లేదో చూడు, ఎవరైనా అందులో దూది లాంటి ఇన్సులేషన్ కుక్కి ఉంటే అదీ తప్పే. పై గదుల్లో గోడలు తట్టి చూడు. పాత ఇళ్లలో గదికో పొయ్యి ఉండేది. చిమ్నీలోకి తెరిచిన, ఇప్పుడు వాడని కన్నాలని పల్చటి రేకు మూతతో మూసి, మీద రంగు కాయితం అతికించేస్తారు. ఆ మూతల సందుల్లోంచి నీ కింది పొయ్యి వాయువులు పడకగదుల్లోకి రావచ్చు. వాటిని ఇటుకతో కట్టి మూయించు. గ్యాసు గీజరు పొగ కూడా అదే గొట్టంలోకి పోతోందేమో చూడు. పోతుంటే నీ పొయ్యికి వేరే దారి కావాలి. కప్పు మీద చిమ్నీ, కప్పుని చీల్చుకుని వచ్చిన చోటికి మూడడుగులు పైకి ఉండాలి, చుట్టూ పది అడుగుల్లోపు ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తుగా ఉండాలి. లోపల ఉక్కు గొట్టం దించాలని తేలితే, బొగ్గుకి పనికొచ్చేదే కావాలని గట్టిగా అడుగు. బొగ్గులో ఉన్న గంధకం మామూలు స్టెయిన్‌లెస్‌ని తినేస్తుంది.

కర్ర పొయ్యికీ బొగ్గు పొయ్యికీ తేడా ఇక్కడే. పచ్చి కట్టె వేస్తే చిమ్నీలో తారు పేరుకుంటుంది, అది అంటుకుంటే లోపల 2000 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోగలదు. అందుకే కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలంటారు. ఆంత్రసైట్‌లో తారు లేదు, పొగా లేదు. మన సింగరేణి బొగ్గు రాజేస్తే వీధంతా తెలిసేది, ఇది వెలిగితే పక్కింటికి కూడా తెలియదు. అసలు భయం అదే. పొగ లేదు కనక హెచ్చరికా లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. అలారం ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా పెట్టాకే అగ్గిపుల్ల ముట్టుకో.

ఫెల్ జాలీ మాట ఇప్పుడు. బొగ్గుకి గాలి కింద నుంచే అందాలి. అందుకే జాలీ లేని కర్ర పొయ్యిలో బొగ్గు వేయకూడదు. చిన్న కట్టెలతో నిప్పు చేసి, కొద్దికొద్దిగా బొగ్గు పోసి, నిప్పుల పొర మందంగా తయారవనీ. తర్వాత పైనుంచి కదపకు, జాలీ ఊపి బూడిద దించు. కొత్త బొగ్గు వేసేటప్పుడు ఎర్రటి నిప్పుని మొత్తం కప్పేయకు. ఓ మూల తెరిచి ఉంచితే పైకి లేచే వాయువులు నీలి మంటలుగా కాలిపోతాయి. కప్పేస్తే అవి పోగై ఒక్కసారి ఢామ్మని అంటుకుని పొయ్యి తలుపు ఎగిరి తెరుచుకుంటుంది. గాలి పీలుడుని అదుపు చేసే బారోమెట్రిక్ డాంపర్ బొగ్గుకి మంచిదే. కట్టెలు వేసే రోజుల్లో మాత్రం దాన్ని వాడకూడదు, చిమ్నీ చల్లబడి తారు పడుతుంది.

నువ్వు వంటలో పోపు పెట్టేటప్పుడు హుడ్‌ని ఫుల్లులో పెడతావని నాకు తెలుసు. అది ఇంట్లోంచి లాగే గాలి ఎక్కడినుంచో రావాలి. కిటికీలన్నీ బిగించి ఉంటే చిమ్నీ దారినే రావచ్చు, పొయ్యి వాయువులతో సహా. పోపు వేసినంతసేపూ వంటింటి కిటికీ ఒకటి తెరువు. బట్టలారేసే యంత్రంతోనూ ఇదే తగాదా.

బూడిదని మూతున్న ఇనప డబ్బాలో వేసి ఇంటికి దూరంగా, మట్టి మీద పెట్టు. చెక్క వరండా మీద వద్దు, అందులో నిప్పు రోజుల తరబడి బతుకుతుంది. చిమ్నీ, గొట్టాలు శుభ్రం చేసే పని దసరాకి కాదు, ఉగాదికి పెట్టుకో. వేసవి తేమకి బొగ్గు బూడిద ఆమ్లమై ఇనుముని తింటుంది.

పని మొదలెట్టే ముందే టౌన్‌షిప్‌లో పర్మిట్ తీసుకో, ఇంటి బీమా వాళ్లకి కాయితం మీద తెలియజెయ్యి. పొయ్యిని పైకి మోసేముందు లోపలి ఇటుకలూ జాలీ తీసెయ్యి, బరువు చాలా తగ్గుతుంది. మీ నాన్నని మాత్రం మొయ్యమనకు, ఆ నడుం సంగతి మనందరికీ తెలిసిందే.

గోడ దగ్గర ఫొటోలు తీసేటప్పుడు టేపు పట్టి, అంకెలు కనపడేలా తీసి పంపు. “మూడడుగులు ఉంది పెద్దనాన్నా” అని నోటిమాటగా చెబితే నేను నమ్మను.

ఇట్లు,
మీ పెద్దనాన్న